హోటల్ కాదు, గది చూసుకో

చి. బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. సెలవుల్లో అందరూ కలిసి ఏదైనా పాత కోటలోనో, రాజమహల్లోనో రెండు రోజులు ఉండి రావాలనుకుంటున్నారట, ఏ హోటల్ బాగుంటుందో చెప్పమన్నావు. హోటల్ పేరు నేను చెప్పనమ్మా. ఇలాంటి చోట హోటల్ బాగుండటం వేరు, నీకిచ్చిన గది బాగుండటం వేరు. మామూలు హోటల్లో 204 అయినా 304 అయినా ఒకటే. పాత కట్టడంలో ఒక గది ఒకప్పుడు దర్బారు చేసిన చోటు కావచ్చు, దాని పక్కది గుర్రాలకు దాణా పోసిన కొట్టు కావచ్చు. బుకింగ్ పేజీలో మాత్రం రెండూ 'హెరిటేజ్ రూమ్'లే.

మొదటిసారి మేం దెబ్బతిన్నది ఇక్కడే. ఎత్తైన సీలింగు, రంగు అద్దాల కిటికీలు ఫొటోల్లో చూసి డబ్బు కట్టేశాం. తీరా వెళ్తే మా గది కోట వెనకాల కొత్తగా లేపిన బ్లాకులో ఉంది. కిటికీ తీస్తే ఎదురుగా జనరేటర్! కోట లోపలికి మేం వెళ్లింది పొద్దున టిఫిన్‌కి మాత్రమే. 'కాఫీ తాగడానికి కోటకొచ్చాం' అని మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతుంటారు. వాళ్లు అబద్ధం చెప్పారని కూడా అనలేను. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అమెరికాలో బోస్టన్‌లో 1851 నాటి జైలును 2007లో హోటల్‌గా తెరిచారు, అక్కడ కూడా ఎక్కువ గదులు ఉన్నది పక్కన కట్టిన కొత్త టవర్‌లోనే. అందుకని ఫోన్ చేసి సూటిగా అడుగు: 'మాకిచ్చే గది పాత భవనంలోదేనా? అది ఇంతకుముందు ఏమిటి?' రెండో ప్రశ్నకు హుషారుగా జవాబు చెప్పారంటే ఆ చోటు మీద వాళ్లకి ప్రేమ ఉన్నట్టే. 'అన్నీ ఒకేలా ఉంటాయి మేడమ్' అంటే మాత్రం నేనైతే ఫోన్ పెట్టేస్తాను.

తర్వాత బాత్రూమ్ గురించి అడుగు. నవ్వకు. ఈ భవనాల్లో చాలావాటికి బాత్రూమ్ అనేది ఆలస్యంగా వచ్చిన చుట్టం, ఉన్నవాళ్లు సర్దుకుని చోటివ్వాల్సిందే. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ జైలు 1996లో మూతపడ్డాక దాన్ని హోటల్ చేశారు. మూడు సెల్స్ కలిపితే అక్కడ ఒక గది. రెండు పడకకి, ఒకటి బాత్రూమ్‌కి. అలా గోడలు పగలగొట్టే వీలు లేనిచోట ఏ మూలనో చెక్క అడ్డం పెట్టి, కింద పైపులు పోవడానికి నేలను జానెడు ఎత్తు లేపేస్తారు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఆ గట్టు తన్నుకుంటే తెలుస్తుంది! పైగా గీజర్ గదిలో లేకుండా ఎక్కడో దూరంగా ఉంటే, వేడినీళ్లు ఆ పైపుల్లో తిరిగి తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు. బాత్రూమ్‌కి కిటికీ ఉందో లేదో కూడా కనుక్కో. లేకపోతే తడి ఆరదు, ముక్కిన వాసన వదలదు.

మీ అత్తగారు కూడా వస్తున్నారన్నావు కదా, ఆవిడ మోకాళ్ల సంగతి ముందే ఆలోచించు. రాజస్థాన్‌లో నీమ్రాణా కోట చూడు, 1464లో కట్టడం మొదలుపెట్టారు, 1991లో హోటల్‌గా తెరిచారు. కొండవాలు మీద అంతస్తు మీద అంతస్తుగా లేచింది కాబట్టి ఎటు వెళ్లాలన్నా మెట్లే. అసలు చిక్కు ఎన్ని మెట్లన్నది కాదు. పాత మెట్లు ఒకే ఎత్తులో ఉండవు. నాలుగు ఎక్కేసరికి కాలికి ఒక లెక్క అలవాటవుతుంది, అయిదోది అంగుళం ఎత్తుంటే తూలిపడతాం. చాలాచోట్ల లిఫ్ట్ పెట్టరు, రక్షిత కట్టడమైతే గోడలు తవ్వడానికి అనుమతి దొరకడమే కష్టం. కింది అంతస్తులో, వాకిలికి దగ్గరగా గది ఇమ్మని రాతపూర్వకంగా తీసుకో. ఉదయ్‌పూర్ లేక్ ప్యాలెస్ లాంటి చోటికైతే పడవలోనే వెళ్లాలి. చూడ్డానికి బాగుంటుంది గానీ, పెద్దావిడ పడవ ఎక్కి దిగగలరా అన్నది కూడా చూసుకోవాలి.

మందపాటి రాతిగోడలు పగలు వేడిని పీల్చుకుని రాత్రికి వదులుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం లోపల హాయిగా ఉందని మురిసిపోతే, పడుకునే వేళకి గోడ వెచ్చగా తగులుతుంది. చలికాలంలో తిరగబడుతుంది. నువ్వు వెళ్లాక హీటర్ వేస్తే ఆ గోడ వేడెక్కేసరికి తెల్లారుతుంది, ముందురోజు నుంచే వేసి ఉంచమని చెప్పు. ఆ గోడలే వైఫైని కూడా మింగేస్తాయి. అల్లుడుగారికి ఆఫీసు కాల్స్ ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి, అక్కడికెళ్లాక టెన్షన్ పడొద్దు.

మీరుండే రోజుల్లో అక్కడ పెళ్లి ఏదైనా ఉందేమో కూడా అడుగు. నాలుగు వైపులా గోడలున్న ముంగిట్లో స్పీకర్ పెడితే ఆ చప్పుడంతా నీ గదిలోనే ఉంటుంది.

ఇన్ని చెప్పానని మానుకునేవు! ఒక్క రాత్రికి మాత్రం వెళ్లకు, రెండు రాత్రులు ఉండు. మొదటి రోజు సామాన్లు మోయడానికి, స్విచ్‌లు వెతుక్కోవడానికే సరిపోతుంది. రెండో రోజు మధ్యాహ్నం, అందరూ ఊరు చూడ్డానికి పోయినప్పుడు, ఎప్పటినుంచో పనిచేస్తున్న మనిషి ఎవరైనా ఉంటే భవనం చూపించమని అడుగు. మాకు ఒకాయన అలా చూపిస్తూ ఒక గడప దగ్గర ఆగి, చెయ్యి పెట్టి చూడమన్నాడు. రాయి నడిమధ్య గిన్నెలా గుంటపడి, నున్నగా జారుతోంది. కుడిపక్కన గుంట ఇంకొంచెం లోతు. 'తలుపు ఒక రెక్కే తెరిచేవాళ్లమ్మా, అందరూ ఆ పక్కనుంచే నడిచారు' అన్నాడు. అప్పటినుంచి నేను ఎక్కడికెళ్లినా ముందు గడప చూస్తాను.

ఒక టార్చిలైటు, రబ్బరు చెప్పులు పెట్టుకో. గది ఖాయం చేసేముందు వాళ్లు పంపిన ఫొటోలు నాకు పంపు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఆ ఫొటో కూడా అడుగు.

మీ పెద్దమ్మ