ఒపెరా పాడతానంటోంది, పంపమంటారా?

సికింద్రాబాద్ నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. చర్చి క్వాయర్‌లో పాడుతుంది, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సింగింగ్ పరీక్షల్లో ఆరో గ్రేడు పాసైంది. ఇక ఒపెరానే, అంటే మొత్తం పాటతోనే నడిచే పాశ్చాత్య నాటకమే, నా వృత్తి అంటోందట. "బీటెక్‌లో చేర్చాలా, లోన్ తీసుకుని లండన్ పంపాలా? దేంట్లో సంపాదన ఎక్కువ? రేపు గొంతు పోతే పిల్ల గతేమిటి?" అని అడిగారు.

అయ్యా, మీ భయమంతా ఆ ఆఖరి ప్రశ్నలోనే ఉంది. ముందు దానికే జవాబు చెప్తాను.

సరిగ్గా నేర్చుకున్న గొంతు అంత తేలిగ్గా పోదు. తొందరపెడితేనే ప్రమాదం. ఒపెరాలో మైకు ఉండదు. అరవై డెబ్భై మంది వాయిస్తుంటే, ఆ హోరును దాటి ఆఖరి వరసకు మాట చేరాలి. మైకులు లేని రోజుల్లో మన పద్యనాటకాల నటులు చేసిందీ ఇలాంటి పనే. అది అరిస్తే వచ్చేది కాదు. ఊపిరి పట్టు, నోటి లోపలి అమరిక కుదిరితే గొంతులో మూడు వేల హెర్ట్జ్ దగ్గర ఒక ఖంగుమనే మోత పుడుతుంది, వాద్యాల మీదుగా వినపడేది అదే. అది కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఆడవాళ్ల గొంతు సాధారణంగా ఇరవై అయిదు దాటాకే నిలదొక్కుకుంటుంది. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన ఒపెరాల్లోని పాత్రలకు కావలసిన బరువైన గొంతులకైతే ముప్పై దాటాలి. కాబట్టి మీ అమ్మాయి ఏ స్థాయి గాయని అవుతుందో ఇవాళ నేను చెప్పలేను, ఏ ప్రొఫెసరూ చెప్పలేడు.

అందుకే లండన్ చదువంటే నాకు అనుమానం. అక్కడి కన్సర్వేటరీలు, అంటే సంగీత కళాశాలలు, గొప్పవి కావని కాదు. కానీ విదేశీ విద్యార్థికి ఏడాది ఫీజే 25 వేల పౌండ్లకు పైన, ఖర్చులు వేరు. ఇరవై రెండేళ్లకు డిగ్రీ చేతికొస్తుంది, గొంతు ఇంకా పండదు, లోన్ వాయిదాలు మాత్రం మొదలవుతాయి. అప్పు తీర్చడానికి దొరికిన కచేరీ అల్లా ఒప్పుకుని, తన గొంతుకు మించిన పాత్రలు పాడి దెబ్బతిన్న పిల్లలను చూశాను. కన్సల్టెన్సీ వాళ్లు మీకు ఈ సంగతి చెప్పరు.

జర్మనీ దారి నాకు నచ్చుతుంది. చాలా రాష్ట్రాల్లోని ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్‌లో యూరప్ బయటివాళ్లకు సెమిస్టరుకు 1500 యూరోలు. వీసాకు ఏడాది ఖర్చు కింద 12 వేల యూరోల దాకా చూపించాలి. ప్రవేశం ఆడిషన్ మీదే, జర్మన్ రావాలి. ఆ దేశంలో ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒపెరా హౌస్‌లు సుమారు ఎనభై ఉన్నాయి. సోలో పాత్రలు రాకపోయినా కోరస్‌లో, అంటే బృందగానంలో, నెల జీతం మీద ఏళ్ల తరబడి పాడేవాళ్లున్నారు. మీరు వెతుకుతున్న భద్రత అక్కడుంది. ఒప్పందాల మీద తిరిగే సోలో గాయకుల బతుకు వేరు: పరాయి ఊళ్లో అద్దె గదిలో ఉండి ఆరు వారాల రిహార్సల్స్ చేయాలి, ఆట లెక్కన డబ్బు తీసుకోవాలి. జలుబు చేసి ఆ రోజు పాడకపోతే చాలాసార్లు ఆ డబ్బూ ఉండదు. మన దేశంలోనైతే నెల జీతమిచ్చే ఒపెరా కంపెనీయే లేదు.

బీటెక్‌తో పోలిక అడిగారు. జీతాల లెక్కలో బీటెక్కే గెలుస్తుంది, అందులో వాదన లేదు. కానీ మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది మరొకటి. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కోచింగ్ కోసం ఆర్నెల్లుగా పాట మాన్పించానని రాశారు. ఎందుకండీ? రోజుకు నలభై నిమిషాల సాధనతో ర్యాంకు పోతుందా? రెండు పేజీలు రాశారు, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. అసలు విన్నారా?

ప్రసిద్ధ ఒపెరా గాయకుడు పవరొట్టి తండ్రి ఇటలీలోని మొదేనాలో రొట్టెల కార్ఖానా పనివాడు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా తిండి, నీడ నేను చూస్తాను, అప్పటికీ కుదరకపోతే నీ దారి నువ్వు చూసుకో అని కొడుకుతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ కొడుకు బడిలో పాఠాలు చెప్పాడు, ఇన్సూరెన్స్ అమ్మాడు, 1961లో ఇరవై అయిదేళ్లకు ఒపెరా వేదికెక్కాడు. ఆ తండ్రి ఇచ్చింది డబ్బు కాదు, గడువు. మీరూ ఇవ్వగలరు.

డిగ్రీ ఇక్కడే చదవనివ్వండి, బీటెక్ అయినా, బీఏ అయినా. ఆ నాలుగేళ్లలో పియానో, స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి), జర్మన్ నేర్పించండి. ఒపెరాకు కావలసిన ఇటాలియన్ సంగతంటారా, ఆ మాటలు చాలావరకు మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి, పాటలో దాని ఉచ్చారణకు పెద్దగా కష్టపడదు. చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. బొంబాయిలో పుట్టి, లండన్ గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో చదివిన సోప్రానో (పై స్థాయి స్త్రీ గొంతు) గాయని పట్రీషియా రోజారియో మన దేశానికి వచ్చి పిల్లలకు నేర్పుతూ వచ్చారు. అలాంటివాళ్ల ముందు ఒకసారి పాడించండి. ఇరవై రెండు వచ్చాక జర్మనీ ఆడిషన్లకు వెళ్లనివ్వండి, అప్పుడు లోన్ మాట మాట్లాడుకుందాం. కుదరకపోయినా జర్మన్, పియానో వచ్చిన డిగ్రీ పిల్ల రోడ్డున పడదు. గొంతు పోతే గతేమిటన్న దిగులు మీరిక పెట్టుకోకండి.

ఈ ఆదివారం మాత్రం తనతో చర్చికి వెళ్లి, ఆఖరి బల్ల మీద కూర్చుని వినండి.