బ్యాడ్జి ఉంటే సోదా లేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విమానం ఎక్కబోయే ప్రయాణికుడి బెల్టు, బూట్లు, నీళ్ల సీసా దాకా దేనినీ వదలకుండా చూసే అమెరికాలో, ఒక విమానయాన సంస్థలో పనిచేసే మనిషి సాయంతో నెలల తరబడి తుపాకులు న్యూయార్క్ చేరాయని ఎక్కడో చదివాను. అది ఎలా సాధ్యమైంది? యంత్రాలు పనిచేయలేదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: యంత్రాలు పనిచేశాయి. ఆ తుపాకులు వాటి ముందుకు రాలేదు, అంతే.

మీరు చదివినది 2014 నాటి అట్లాంటా వ్యవహారమై ఉంటుంది. ఆ ఏడాది డిసెంబరు 23న బ్రూక్లిన్ డిస్ట్రిక్ట్ అటార్నీ కెన్నెత్ థాంప్సన్ దానిని బయటపెట్టారు. మే నుంచి డిసెంబరు వరకు, కొనుగోలుదారుల వేషంలో ఉన్న న్యూయార్క్ పోలీసులు ఒక ముఠా దగ్గర 153 తుపాకులు కొన్నారు. వాటిలో పిస్తోళ్లే కాక ఏకే-47 తరహా రైఫిళ్లు కూడా ఉన్నాయి. ఇవి రోడ్డు మీదుగా రాలేదు. అట్లాంటాలోని హార్ట్స్‌ఫీల్డ్-జాక్సన్ విమానాశ్రయం నుంచి డెల్టా సంస్థ ప్రయాణికుల విమానాలలో, అదీ ప్రయాణికుడి చేతి సంచిలో వచ్చాయి. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే విమానాశ్రయంగా పేరున్న చోట ఇది జరిగిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రాసిక్యూషన్ వారు వివరించిన పద్ధతి ఇంత సులువా అనిపించేటట్లు ఉంటుంది. తుపాకులు మోసుకుపోవలసిన మనిషి ఆ సంస్థలో ఒకప్పటి ఉద్యోగి. అతడు టికెట్టుతో అందరిలాగే వరుసలో నిలబడి, తనిఖీ పూర్తి చేసుకుని, సంచిలో ఏ ఆయుధమూ లేకుండా లోపలికి వెళ్ళేవాడు. సామాన్లు ఎక్కించే విభాగంలో పనిచేసే అతని స్నేహితుడు తుపాకులను సిబ్బంది ద్వారం గుండా లోపలికి తెచ్చేవాడు. ఆ ద్వారం దగ్గర బ్యాడ్జి చూపించి, యంత్రం మీద పెడితే తలుపు తెరుచుకునేది. సంచి విప్పి చూసేవారు అప్పట్లో సాధారణంగా ఉండేవారు కాదు. ఇద్దరూ లోపలి మరుగుదొడ్డిలో కలుసుకునేవారు, సంచి చేతులు మారేది, ఆ తర్వాత ఒకడు విమానం ఎక్కేవాడు, మరొకడు పనికి వెళ్ళిపోయేవాడు. పదిహేనుకు పైగా ప్రయాణాలు ఇలాగే సాగాయని అభియోగం.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, అక్కడి వ్యవస్థ తన నియమాలను తాను తప్పలేదు. ప్రయాణికుడిని సోదా చేయాలన్నారు, చేశారు. ఉద్యోగి నేపథ్యాన్ని పరిశీలించి బ్యాడ్జి ఇవ్వాలన్నారు, ఇచ్చారు. కానీ బ్యాడ్జి చెప్పేది మనిషి ఎవరన్న విషయం మాత్రమే. ఆ పూట అతని సంచిలో ఏముందో అది చెప్పదు. ప్రయాణికుల విషయంలో మనిషి ఎవరైనా సంచి చూడాల్సిందే అన్న సూత్రాన్ని పాటించి, సిబ్బంది విషయంలో మనిషి తెలిసినవాడైతే సంచి చూడనక్కర్లేదన్న సూత్రాన్ని పాటించారు. రెండు సూత్రాలూ గోడకు అటూ ఇటూ ఉన్నంతవరకు గొడవ లేదు. అయితే తనిఖీ దాటిన తర్వాత ప్రయాణికులూ సిబ్బందీ తిరిగేది ఒకే హాలులో, వాడేది అవే మరుగుదొడ్లు.

ఇది ఎవరూ ఊహించని లోపం అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేం. 1987 డిసెంబరు 7న లాస్ ఏంజిలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న పీఎస్‌ఏ 1771 విమానంలో, ఆ విమాన సంస్థకు మాతృసంస్థ అయిన కంపెనీ ఉద్యోగంలోంచి తొలగించిన ఒక వ్యక్తి, తిరిగి తీసుకోని గుర్తింపు కార్డుతో సోదా తప్పించుకుని రివాల్వరుతో ఎక్కి కాల్పులు జరిపాడు. విమానం కూలి 43 మందీ మరణించారు. ఆ తర్వాతే తొలగించిన ఉద్యోగి కార్డును వెంటనే స్వాధీనం చేసుకోవాలని, విమాన సంస్థ సిబ్బందినీ ప్రయాణికులతో పాటు తనిఖీ చేయాలని నియమాలు బిగించారు. ఆ నియమాలు 2014లో మాజీ ఉద్యోగిని ఆపలేకపోయాయి, ఎందుకంటే అతనికి కార్డుతో పనే లేకపోయింది. కార్డు అతని స్నేహితుడి దగ్గర ఉంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2007 మార్చిలో జరిగింది. ఒర్లాండో నుంచి ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ వెళ్ళే డెల్టా విమానంలో 14 తుపాకులు, 8 పౌండ్ల గంజాయి పట్టుబడ్డాయి. వాటిని తీసుకుపోయిన వారు విమాన సంస్థ సిబ్బందే, వాడినవి సిబ్బంది యూనిఫాం, గుర్తింపు కార్డులే. ఏడేళ్ల తర్వాత అట్లాంటాలో అదే కథ నడిచింది.

ప్రశ్న: ఒర్లాండోలో అంత జరిగాక కూడా ఉద్యోగులందరినీ ఎందుకు సోదా చేయలేదు? మన ప్రభుత్వ కార్యాలయాలలో లాగా అక్కడ కూడా ఫైలు కదలలేదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఒర్లాండోలో కదిలింది. ఆ సంఘటన తర్వాత ఆ విమానాశ్రయం సిబ్బంది అందరికీ సోదా పెట్టింది. అంతకుముందే 1999లో సిబ్బంది చేతుల మీదుగా మాదకద్రవ్యాలు పోతున్న పెద్ద కేసు బయటపడ్డాక మయామీ కూడా అదే పని చేసింది. దెబ్బ తిన్న విమానాశ్రయం తలుపు వేసుకుంది, తినని విమానాశ్రయం వేసుకోలేదు. జాతీయ స్థాయిలో అందరికీ ఒకే నియమం రాలేదు.

దీనికి కారణం ఖర్చేనని సులువుగా అనేయవచ్చు, కానీ విషయం అంతటితో ఆగదు. అమెరికాలో 2001 దాడుల తర్వాత ఏర్పడిన రవాణా భద్రతా సంస్థ, అంటే టీఎస్‌ఏ, చూసుకునేది సుమారు 450 విమానాశ్రయాలను. రక్షిత ప్రాంతాలలోకి వెళ్ళే బ్యాడ్జిలున్న ఉద్యోగులు దాదాపు తొమ్మిది లక్షల మంది. ఒక్కొక్కరు షిఫ్టులో పలుమార్లు బయటికి, లోపలికి తిరుగుతారు. మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు, వంటశాల మనిషి చేతిలో కత్తి ఉండటం సహజం. వాటిని వదిలేసి, తుపాకీని మాత్రం పట్టుకునే సోదాను ప్రతి ద్వారం దగ్గరా పెట్టాలంటే ముందు ద్వారాలు తగ్గాలి. నా దృష్టిలో అసలు సంస్కరణ అదే. డజన్ల కొద్దీ తలుపులున్న చోట ఎంతమంది కాపలా పెట్టినా చాలరు.

అట్లాంటా కేసు బయటపడిన కొన్ని వారాలకే, 2015 జనవరిలో, పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టరు ఒకరు బ్యాడ్జితో తనిఖీ తప్పించుకుని, చేతి సంచిలో తుపాకీతో అట్లాంటా నుంచి న్యూయార్క్‌లోని లాగార్డియాలో దిగి పట్టుబడ్డారు. విమానాల భద్రతను పరిశీలించవలసిన అధికారే ఇలా దొరికిన తర్వాత ఇక వాయిదా వేయడానికి వీల్లేకపోయింది. నిపుణుల సలహా సంఘం మాత్రం నూరు శాతం సోదా ఒక్కటే సర్వరోగ నివారిణి కాదని, ఎప్పుడు, ఎక్కడ ఎదురవుతుందో తెలియని ఆకస్మిక తనిఖీలు మేలని చెప్పింది. 2015 ఏప్రిల్‌లో నాటి హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి జే జాన్సన్ ప్రకటించిన మార్పులు ఆ దారిలోనే ఉన్నాయి: ఉద్యోగి ప్రయాణికుడిగా వెళ్తే టీఎస్‌ఏ తనిఖీ తప్పనిసరి, నేర చరిత్రను రెండేళ్లకొకసారి మళ్ళీ చూడాలి, సిబ్బంది ద్వారాలను వీలైనంత తగ్గించాలి, ఆకస్మిక తనిఖీలు పెంచాలి. ఇందులో మొదటిదానితో అట్లాంటా ముఠాకు అడ్డేమీ పడదన్నది పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు, ఎందుకంటే అక్కడ ఎక్కినవాడు తనిఖీ అయ్యాకే ఎక్కాడు. 2023లో టీఎస్‌ఏ సిబ్బంది తనిఖీ బాధ్యతను విమానాశ్రయాల మీద పెట్టినప్పుడు, ఖర్చు ఎవరు భరించాలన్న వివాదం కోర్టు దాకా వెళ్ళింది.

ప్రశ్న: అట్లాంటా నుంచి న్యూయార్క్‌కు కారులో వెళ్ళవచ్చు కదా. దొరికిపోయే ప్రమాదమున్న విమానం ఎందుకు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మామూలుగా వెళ్ళేది రోడ్డునే. జార్జియా వంటి దక్షిణాది రాష్ట్రాలలో తుపాకీ కొనడం తేలిక, న్యూయార్క్‌లో చాలా కష్టం. కనుక దక్షిణాదిలో కొన్నది న్యూయార్క్‌లో ఎన్నో రెట్లకు అమ్ముడవుతుంది. తూర్పు తీరం వెంట సాగే 95వ నంబరు జాతీయ రహదారికి ఈ వ్యాపారం వల్లనే ‘ఐరన్ పైప్‌లైన్’ అన్న పేరు పడింది. అయితే ఆ ప్రయాణం ఒక పూట పైనే పడుతుంది, దారిలో పోలీసు ఎక్కడైనా ఆపవచ్చు. విమానంలో రెండు గంటల పని. పైగా తనిఖీ దాటిన హాలులో ఉన్న సంచిని ఇంకెవరూ అనుమానించరు. లోపల తోడు దొరికినవాడికి విమానమే తక్కువ ప్రమాదం.

ప్రశ్న: మన దేశంలో పరిస్థితి ఏమిటి? శంషాబాద్ వంటి చోట్ల సిబ్బందిని సోదా చేస్తారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేస్తారు. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి అమెరికా కంటే కఠినమైనది. విమానాశ్రయంలో పనిచేసేవారికి పౌర విమానయాన భద్రతా సంస్థ, అంటే బీసీఏఎస్, ఆమోదించిన ప్రవేశ పత్రం ఉండాలి. పత్రం ఉన్నంత మాత్రాన సోదా తప్పదు. రక్షిత ప్రాంతంలోకి అడుగుపెట్టే ఉద్యోగిని కూడా సీఐఎస్ఎఫ్ జవాన్లు తనిఖీ చేస్తారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఐసీ-814 విమానాన్ని తుపాకులు, గ్రెనేడ్లతో ఎక్కినవారు కాందహార్‌కు మళ్ళించిన తర్వాత, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల భద్రతను సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. అంతకుముందు ఆ పని రాష్ట్రాల పోలీసులది.

అంతమాత్రాన మన గోడకు కన్నాలు లేవని కాదు. సోదా బలంగా ఉన్నది లోపలికి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కాదు. గల్ఫ్ నుంచి బంగారం తెచ్చిన ప్రయాణికుడు కస్టమ్స్ కౌంటరుకు రాకముందే దానిని మరుగుదొడ్డిలో సిబ్బందికి అందించిన కేసులు మన విమానాశ్రయాలలో పట్టుబడుతూనే ఉన్నాయి. అట్లాంటాలో సరుకు లోపలికి వచ్చిన దారినే ఇక్కడ బయటికి పోతోంది. ఆ దారిన బంగారం పోగలిగినప్పుడు తుపాకీ పోలేదని ఎలా అనగలం? 2022 జూలైలో వియత్నాం నుంచి ఢిల్లీలో దిగిన దంపతుల సంచులలో 45 తుపాకులు పట్టుకున్నట్లు కస్టమ్స్ ప్రకటించింది. అక్కడ పట్టుకున్నది మన అధికారులే, కానీ అంత సరుకు బయలుదేరిన చోట ఎవరికీ కనిపించలేదన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి.

ప్రయాణికుల విమానాల మాట అటుంచి, మన దేశానికి ఆకాశమార్గాన వచ్చిన అతి పెద్ద దొంగ ఆయుధాల సరుకు ఏ సోదా వరుస దగ్గరికీ రాలేదు. 1995 డిసెంబరు 17 రాత్రి ఒక ఆంటొనోవ్-26 సరుకు విమానం పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా గ్రామాల మీద వందల ఏకే-47 రైఫిళ్లను, లక్షల తూటాలను పారాచూట్లతో జారవిడిచింది. అది అంతకుముందు వారణాసిలో దిగి, ఇంధనం నింపుకుని, అనుమతులతోనే ఎగిరింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ మన గగనతలంలోకి వచ్చినప్పుడు మాత్రమే దానిని ముంబైలో బలవంతంగా దించారు. మన చర్చలన్నీ ప్రయాణికుడి జేబు చుట్టూ తిరుగుతుంటే, అద్దె సరుకు విమానం కాగితాలను ఎవరు, ఎంత శ్రద్ధగా చూస్తున్నారన్న ప్రశ్న వెనుకబడుతోంది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అతనికి అక్కడ లైసెన్సుతో పిస్తోలు ఉంది. సెలవులకు ఇంటికి వస్తున్నాడు. ఏమి జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందుగా, పిస్తోలు అక్కడే ఉంచి రమ్మనండి. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదు.

అమెరికాలో మరచిపోయి తుపాకీతో తనిఖీకి వచ్చేవారు తక్కువేమీ కాదు. 2023లో టీఎస్‌ఏ చెక్‌పోస్టుల వద్ద 6,737 తుపాకులు దొరికాయి, వాటిలో 93 శాతం గుళ్లు నింపి ఉన్నవి. అట్లాంటా 451తో మొదటి స్థానంలో, మీ అబ్బాయి ఉండే డాలస్–ఫోర్ట్‌వర్త్ 378తో రెండవ స్థానంలో ఉన్నాయి. సంచిలో ఉన్న సంగతి గుర్తులేదని దాదాపు అందరూ చెప్పే మాటే. ఆ మాట జరిమానాను ఆపదు. 2023లో అది దాదాపు 15,000 డాలర్ల దాకా ఉండేది. ఇవి దొరికినవి. దొరకనివాటి సంగతికి వస్తే, 2015లో అక్కడి ప్రభుత్వ తనిఖీ బృందాలు రహస్యంగా నకిలీ ఆయుధాలు, పేలుడు పదార్థాలతో జరిపిన 70 పరీక్షలలో 67 సార్లు టీఎస్‌ఏ కనిపెట్టలేకపోయిందన్న వార్త రాగానే ఆ సంస్థ తాత్కాలిక అధిపతిని మార్చవలసి వచ్చింది. అక్కడ తనిఖీలో పట్టుబడలేదు కనుక సంచిలో ఏమీ లేదనుకోవడం ఈ కారణంగానే పొరపాటు.

ఇక్కడ తుపాకీ కంటే ఎక్కువమందిని ఇబ్బందిలో పెట్టేది విడి తూటా. షూటింగ్ రేంజికి వాడిన సంచినే ప్రయాణానికి వాడితే, అడుగున లైనింగులో జారిన ఒక్క తూటా వారం తర్వాత తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయం ఎక్స్‌రేలో కనబడుతుంది. అప్పుడు సీఐఎస్ఎఫ్ వారు మనిషిని స్థానిక పోలీసులకు అప్పగిస్తారు, ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు నమోదవుతుంది, విమానం వెళ్ళిపోతుంది. తన దగ్గర ఉన్నదని తెలిసి ఉంచుకోవడం నేరానికి అవసరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తుపాకీ లేకుండా ఒంటరి తూటా దొరికిన ఎన్నో కేసులను ఢిల్లీ హైకోర్టు ఆ సూత్రం మీదే కొట్టివేసింది. కానీ ఆ ఉపశమనం వచ్చేది నెలలు గడిచాక, వకీలు ఫీజు కట్టాక. ఈలోగా అక్కడ ఉద్యోగం, వీసా గడువు ఆగవు.

అందుచేత ప్రయాణానికి వేరే సంచి తీసుకోమనండి. వాడేసిన ఖాళీ తూటా గుల్లలను పిల్లలకు ఆటబొమ్మగానో, కీచైనుగానో తెచ్చే అలవాటు కొందరికి ఉంది. అది కూడా వద్దని చెప్పండి, ఎందుకంటే గుల్ల ఖాళీదని తేలేదాకా ఎక్స్‌రే దగ్గరి జవానుకు అది తూటాయే.