ఆలోచనలు ఆపాలని చూడకండి, వాటికో టైమ్ పెట్టండి

చిన్న విషయాన్ని కూడా పట్టుకుని గంటలు గంటలు ఆలోచిస్తూ ఉండిపోతున్నాను, ఈ అలవాటు ఎలా పోగొట్టుకోవాలి అని కదా మీరు అడిగింది. నాకూ ఏళ్ల తరబడి ఉన్న జబ్బే ఇది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పను కానీ, ఒకప్పుడు నిద్ర పట్టనిచ్చేది కాదు, ఇప్పుడు అప్పుడప్పుడు వచ్చి పలకరించి పోతోంది, అంతే.

ముందుగా, "ఆలోచించకు, వదిలెయ్" అనేవాళ్ల సలహా పక్కన పెట్టండి. వదిలేయడం చేతనైతే ఈ ప్రశ్నే అడగం కదా! డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు 1987లో ఒక ప్రయోగం చేశాడు. 5 నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఇక ఆలోచించుకోవచ్చు అని వదిలేస్తే, మొదటినుంచీ ఆలోచించమన్న వాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. అంటే మనం బలవంతంగా తొక్కిపెట్టేదే తర్వాత రెట్టింపై లేస్తుందన్నమాట.

నా బుర్ర ఎలా తిరిగేదో చెప్తాను, మీకూ తెలిసిన దారే అయి ఉంటుంది. సాయంత్రం మా మేనేజర్ దగ్గర్నుంచి "రేపు ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్. ఎప్పుడూ నవ్వు బొమ్మ పెట్టే మనిషి ఈసారి పెట్టలేదేంటి? పోయిన మీటింగులో నేనన్న మాటకి నొచ్చుకున్నారా? ఆ మాట అన్నప్పుడు పక్కనున్నాయన కూడా ఎందుకో తల దించుకున్నాడు. ఉద్యోగం పోతే లోను సంగతేంటి, ఇంట్లో ఎలా చెప్పాలి... ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పొద్దున ఆ మేనేజర్ ఆవిడ ఏం మాట్లాడారన్నది ఇక్కడ అనవసరం. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా, రాత్రంతా నేను ఆలోచించినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆ మాటల్లో పనికి రాలేదు, అదీ నాకు మండింది.

అప్పటినుంచి ఆలోచనని ఒకటే అడగడం మొదలుపెట్టాను: నువ్వు "ఎందుకిలా" అంటున్నావా, "ఇప్పుడేం చేయాలి" అంటున్నావా? ఆవిడ ఎందుకు అలా రాశారు, నేనెందుకు ఇలా ఉంటాను, వీటికి అంతుండదు, తవ్విన కొద్దీ ఇంకోటి వస్తుంది. "ఏం చేయాలి" అన్నదానికి మాత్రం ఏదో ఒక జవాబు ఉంటుంది, "ఏ విషయం గురించండీ?" అని తిరిగి మెసేజ్ పెట్టడం లాంటిది. చేయడానికి ఏమీ లేకపోతే, ఏమీ లేదు అన్నదే జవాబు. ఇదంతా బుర్రలో కాదు, కాగితం మీదే చేయాలి. బుర్రలో పది రకాల భయాలుగా కనిపించేది రాసి చూస్తే రెండు లైన్లకి మించదు, మూడో లైనుకొచ్చేసరికి మొదటిదే మళ్లీ రాస్తున్నామని మనకే తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది టైమ్ పెట్టుకోవడం. థామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 1983లో దీన్ని పరీక్షించి చూశారు. రోజూ ఒకే టైముకి, ఒకే చోట కూర్చుని 30 నిమిషాలు దిగులు పడాలి, మిగతా రోజంతా దిగులొస్తే ఆ టైముకి వాయిదా వేయాలి. మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది, టెన్షన్ పడడానికి అపాయింట్‌మెంటా అని. కానీ "వద్దు" అంటే వినని మనసు "సాయంత్రం చూద్దాం" అంటే వింటుంది, మొదట్లో కొంచెం మొరాయిస్తుంది అంతే. ఫోన్లో ఒక్క ముక్క రాసి పెట్టుకుంటాను, టైముకి కూర్చుని చదివితే సగానికి సగం చప్పగా ఉంటాయి, కొన్నయితే అసలు ఎందుకు రాశానో కూడా గుర్తుండదు. ఆ టైము మాత్రం పడుకునే ముందు పెట్టుకోకండి, మంచం మీద అసలే వద్దు.

వస్తువు కొనడం లాంటి నిర్ణయాల్లో అయితే, ఏవి ఉంటే చాలో ముందే రాసుకుని, అవి ఉన్న మొదటిది కొనేసి, ఆ తర్వాత రివ్యూలు చదవడం మానేయండి. ఇంకోటి, ఫ్రెండ్‌కి చెప్పుకోవడం మంచిదే కానీ అదే గోడు రోజూ అదే మనిషికి చెప్తుంటే అది కూడా అతిగా ఆలోచించడమే, కాకపోతే ఇద్దరు కలిసి.

ఇవేవీ పనిచేయక, దాదాపు రోజూ ఏదో ఒక దిగులు, నిద్ర లేదు, పని మీద ధ్యాస లేదు, ఇలా నెలల తరబడి సాగుతుంటే మాత్రం దాన్ని అలవాటు అనుకుని సొంతంగా కుస్తీ పట్టకండి. ఆంగ్జైటీ, అంటే జబ్బు స్థాయికి చేరిన ఆందోళన అయి ఉండొచ్చు, దానికి వైద్యం ఉంది, ఆలోచించే తీరునీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటివి బాగానే పనిచేస్తాయి. డాక్టర్ దగ్గరికో సైకాలజిస్టు దగ్గరికో వెళ్లేటప్పుడు ఆ రాసుకున్న కాగితాలు కూడా పట్టుకెళ్లండి, మొదటిసారి కూర్చున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలా అని మళ్లీ ఆలోచించే పని తప్పుతుంది.