టీచరమ్మ జవాబులు: ప్రసంగం ఫోన్‌తో రాయించుకోవచ్చా?

ప్రశ్న: టీచరమ్మగారికి వందనాలు. బైబిలు ట్రైనింగ్ పూర్తిచేసి ఒక చిన్న సంఘంలో పాస్టరుగారికి సాయంగా ఉంటున్నాను. నెలకు రెండు ఆదివారాలు నేనే వాక్యం చెప్పాలి. చాట్‌జీపీటీని అడిగితే అయిదు నిమిషాల్లో ప్రసంగం రాసిస్తోంది. అందరూ బాగుందంటున్నారు. నాకే మనసులో ఏదో గుచ్చుతోంది. ఇది తప్పా?
— ఒక యువ సేవకుడు, రేపల్లె

జవాబు: నాయనా, వందనాలు. గుచ్చుతోందన్నావు చూడు, ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నేనూ అడిగి చూశాను. క్షమాపణ మీద పది నిమిషాల ప్రసంగం కావాలని మా మనవడు తన ఫోన్‌లో టైపు చేశాడు. భాష శుభ్రంగా ఉంది, చివర ప్రార్థన కూడా ఉంది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పాను కాబట్టి ప్రతి స్టెప్పూ సరిచూడటం అలవాటు. బైబిలు తెరిచి ఒక్కో రిఫరెన్సూ వెతికాను. ఏడింటిలో రెండు తప్పు. ఒకటి కొలస్సయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయమట. ఆ పత్రికలో ఉన్నవే నాలుగు అధ్యాయాలు.

2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యుర్త్ పట్టణంలో ఒక చర్చిలో ఆరాధన దాదాపు మొత్తం చాట్‌జీపీటీతోనే తయారుచేయించి, తెర మీద బొమ్మమనుషుల చేత చెప్పించారు. మూడొందల మందికి పైగా వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు ఆ మాటల్లో ప్రాణం లేదన్నారు. ఈమధ్య అది చదివినప్పుడు నాకు మా ఊళ్లో విన్న ఒక ప్రసంగం గుర్తొచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 5, మంగళవారం. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో మునిగిపోయింది. మా పాస్టరుగారు ఆ వారమంతా పంచె ఎగగట్టి గట్ల వెంట తిరిగారు. ఆదివారం ఆరాధనకు వస్తూ ఒక పన తెచ్చి ప్రసంగ వేదిక ముందున్న బల్ల మీద పెట్టారు. కంకుల నిండా తెల్లటి మొలకలు. ముక్కిన వాసన చివరి బెంచీ దాకా వచ్చింది. హబక్కూకు మూడో అధ్యాయం తీశారు. చేలో పంట రాకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానని ప్రవక్త చెప్పిన చోటు. చదివి, కాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత, "ఈ మాట చదవడం ఇవాళ నాకే కష్టంగా ఉంది. మీకు ఇంకా కష్టంగా ఉంటుంది. అయినా కలిసి ఇంకోసారి చదువుదాం" అన్నారు. మొత్తం పావుగంట కూడా కాలేదు. వెనక కూర్చున్న ఒక కౌలు రైతు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మర్నాడు పాస్టరుగారే ఆయన వెంట వెళ్లి పంట నష్టం రాయించారు.

నాయనా, ఒక పదానికి అర్థం కావాలన్నా, ఆ కాలం చరిత్ర తెలియాలన్నా ఆ పరికరాన్ని అడుగు. చెప్పింది సరిచూసుకో. కానీ ఈ వారం మీ సంఘంలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో దానికి తెలియదు. నీకు తెలియకపోతే వెళ్లి తెలుసుకో. వచ్చే శనివారం ఫోన్ ఇంట్లో పెట్టి రెండిళ్లకు వెళ్లి రా. వచ్చాక కూర్చుని నీ చేత్తో రాయి. మొదట్లో అంత బాగా రాకపోవచ్చు, ఫర్వాలేదు. ఇప్పటిదాకా చెప్పినవి ఎలా తయారయ్యాయో మీ పాస్టరుగారికి దాచకుండా చెప్పు. అది చెబితే ఆ గుచ్చుకోవడం చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: 'ఆఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపు మరణశిక్ష, వెంటనే ప్రార్థించండి, పది గ్రూపులకు పంపండి' అని మా స్త్రీల సమాజం గ్రూపులో వచ్చింది. ఏడుస్తూ ప్రార్థించి, పంపాను. అది అబద్ధమని మా అబ్బాయి కోప్పడ్డాడు. ప్రార్థించమనడం కూడా తప్పేనా అమ్మగారూ?
— ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, నీ కన్నీళ్లు దేవుడు చూశాడు. నీ ప్రార్థన వృథా కాలేదు. పంపడం సంగతి వేరు.

ఈ మెసేజి 2009 నుంచి లోకమంతా తిరుగుతోంది. అందులో తేదీ ఉండదు, ఎప్పుడు చూసినా 'రేపే'. దీనికి ముందు నిజంగా జరిగిన ఘోరం ఒకటుంది. 2007 జూలైలో దక్షిణ కొరియా నుంచి వెళ్లిన 23 మంది క్రైస్తవులను తాలిబన్లు బస్సు ఆపి ఎత్తుకుపోయారు. ఇద్దర్ని చంపేశారు. వాళ్లలో ఒకరు పాస్టరు. మిగతా 21 మంది ఆగస్టు నెలాఖరుకు విడుదలయ్యారు. నిజంగా బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లు అవి. అలాంటి బాధను అబద్ధంలో కలిపి తిప్పడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకో నష్టం మా గ్రూపులోనే చూశాను. 2023 మేలో మణిపూర్‌లో గొడవలు మొదలై చర్చిలు తగలబడుతున్నాయని వార్త వస్తే, కొందరు "ఇదీ ఆ ఆఫ్ఘనిస్తాన్ మెసేజిలాంటిదేలే" అని వదిలేశారు. కానీ మణిపూర్ వార్త నిజం. ఇళ్లు పోయి వేలమంది క్యాంపుల్లో చేరారు. మేం ప్రార్థించడం మొదలుపెట్టేసరికి వారం దాటింది.

అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ ఫార్వర్డ్ బటన్‌కూ వర్తిస్తుంది తల్లీ. తేదీ, ఊరు, చెప్పిందెవరు అన్నవి లేని మెసేజి ఏదొచ్చినా నీ దగ్గరే ఆపు. పంపినవారిని 'మీకెవరు పంపారు?' అని మెల్లగా అడుగు. ఇవాళే అదే గ్రూపులో 'నేను మొన్న పంపింది నిజం కాదు' అని ఒక్క ముక్క పెట్టు.

ప్రశ్న: ఆధార్ నంబరు, బైబిలు చివర ప్రకటన గ్రంథంలో చెప్పిన 666 అనే మృగం ముద్రేనంటూ వీడియోలు వస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బాబూ, భయపడకు. పదమూడో అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదువు. అక్కడి గొడవంతా ఎవరికి మొక్కుతున్నావన్నదే. చక్రవర్తిని దేవుడిగా పూజించే దేశంలో ఉన్న ఏడు సంఘాలకు రాసిన గ్రంథం అది. ఆధార్ నిన్ను ఎవరికీ మొక్కమనడం లేదు. ఒకప్పుడు సబ్బుల మీది బార్‌కోడ్‌నూ ఇలాగే అన్నారు. మా వీధిలో ఒకావిడ ఈ భయంతో కార్డు తీసుకోక రెండేళ్లు రేషన్ బియ్యం పోగొట్టుకుంది. ఇలాంటి లెక్కలు కొత్త కాదు. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికాలో వేలమంది ఎదురుచూశారు. 2025 సెప్టెంబరులోనూ ప్రభువు వచ్చి సంఘాన్ని పైకి తీసుకుపోయే రోజు ఇదేనని వీడియోలు చేశారు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాక ఇక మనకు లెక్కలెందుకు?

ప్రశ్న: మా చర్చిలో కానుకల సంచితో పాటు క్యూఆర్ కోడ్ పెట్టారు. ఫోన్‌లో ఇస్తే కానుక అవుతుందా?
— ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: అవుతుందమ్మా. నెల జీతంలో దశమభాగం ఫోన్‌లోనే పంపు, లెక్క కూడా తేలిగ్గా ఉంటుంది. ఒక్కటి మాత్రం చెయ్యి. మా అమ్మ పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఇవ్వడం నేను నేర్చుకున్నది ఆ పిడికిలి చూసే. పిల్లలకు ఫోన్‌లో టిక్కు గుర్తు తప్ప ఏమీ కనపడదు. వాళ్ల చేతికి ఆదివారం పది రూపాయలిచ్చి సంచిలో వేయించు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాం. సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ అని ఉంది. చర్చిలో పాట పాడేటప్పుడల్లా అబద్ధంలో నిలబడ్డట్టు ఉంటుంది. మార్చుకుంటే స్కాలర్‌షిప్ పోతుందేమోనని భయం. ఏం చేయను అమ్మమ్మా?
— ఒక విద్యార్థిని, నందిగామ

జవాబు: నువ్వు అమ్మమ్మా అన్నావు కాబట్టి మన ఇంటి సంగతిలాగే చెబుతాను.

1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే ఎస్సీలన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపు (బీసీ-సి), దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. మా నాన్న ఉన్నదున్నట్టు క్రైస్తవుడని రాయించారు. మా అన్నయ్య ఉద్యోగం కోసం ఆరేళ్లు తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్నా ఊళ్లో మా పేట మారలేదు, హోటల్లో మా గ్లాసు మారలేదు. అందుకే ఈ చట్టం అన్యాయమని గట్టిగా అంటాను. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంచమంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇమ్మని తీర్మానం చేసింది.

మనం ఏదో ఆశించి మతం మారామని ఇప్పటికీ అంటారు. మా ఒంగోలులో 1876–78 కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పనిచ్చారు. కానీ కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మానికి దిగారు. మనం ఆ నీళ్లలోంచి వచ్చినవాళ్లం.

ఇక నీ సంగతి. బాప్తిస్మం పొంది విశ్వాసంలో ఉంటూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. రేపు ఉద్యోగం వచ్చాక ఎవరైనా ఫిర్యాదు చేస్తే నువ్వు చాలా ఇబ్బంది పడతావు. ముందు తెలిసిన లాయరుతో మాట్లాడు. నన్నడిగితే నిజమే రాయించుకో అంటాను. దానికి నువ్వు ఎంత పోగొట్టుకుంటావో తెలిసే అంటున్నాను. అమ్మానాన్నల మీద మాత్రం కోపం పెట్టుకోకు, నీ చదువు కోసమే అలా చేసి ఉంటారు. సంఘ పెద్దలకూ ఇక్కడే చెబుతున్నాను: పిల్లల్ని నిజం చెప్పమనే సంఘం, నిజం చెప్పినందుకు స్కాలర్‌షిప్ పోతే ఆ ఫీజు తనే కట్టాలి. ఈ పేజీ మీ పెద్దలకు చూపించు.

ప్రశ్న: మా అమ్మ ఏడాదిగా మంచం మీదే ఉంది. ఆదివారం యూట్యూబ్‌లో ఆరాధన పెడతాను. అది చాలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్టు బాబూ, ఆమెకు తెలిసిన పాత కీర్తనలున్నవి చూసి పెట్టు. అయితే ప్రభువు బల్ల ఫోన్‌లోంచి రాదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం మీ ఇంటికి తీసుకురావడం సంఘం పని. ఏడాదిలో ఎవరూ రాలేదంటే బహుశా వాళ్లకు తెలియదేమో. మీ సంఘం పేరు ఉత్తరంలో రాయలేదు. రాసి పంపు, నేనే పాస్టరుగారికి ఫోన్ చేస్తాను.