బృందం విడిపోయింది, మా అబ్బాయి దారేంటి?

ప్రశ్న: మేడమ్, మాది జనగామ జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయికి 27 ఏళ్లు. ఇంటర్ పాసై, డిగ్రీలో చేరి మధ్యలో మానేశాడు. ఎనిమిదేళ్లుగా ఒక జానపద కళాబృందంలో డప్పు కొడుతున్నాడు, పాడుతున్నాడు, కొన్ని పాటలు సొంతంగా రాశాడు. డబ్బుల దగ్గర మాటా మాటా పెరిగి దసరా తర్వాత బృందం విడిపోయింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. మా బాపు ఊళ్లో చావులకు, చాటింపులకు డప్పు కొట్టి బతికాడు. ఆ బతుకు మాకు మళ్లీ వద్దు. వీడు స్టేజీ మీద కొడుతున్నాడు, నలుగురూ మెచ్చుకుంటున్నారు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడు మా బావమరిది హైదరాబాద్‌లో గోడౌన్ పని ఇప్పిస్తానంటున్నాడు. వీడు పోనంటున్నాడు. పెళ్లి సంబంధాలు కూడా ఆగిపోయాయి. మేం ఏం చేయాలి?

సలహా: మీ ఉత్తరంలో గోడౌన్ సంగతి కంటే మీ బాపు సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ముందు దాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే అది తేలకుండా మీరిద్దరూ ఒక మాట మీదికి రాలేరు.

మీ బాపు కొట్టింది, మీ అబ్బాయి కొట్టింది ఒకటే వాయిద్యం. డప్పు కొట్టే అదే సిర్ర, అదే చిటికెన పుల్ల, అవే దరువులు. కానీ మీ బాపుకు రానని చెప్పే హక్కు లేదు. కబురు వస్తే ఏ రాత్రయినా పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి. మీ అబ్బాయి రేటు చెప్పాడు, బయానా తీసుకున్నాడు, నచ్చని ప్రోగ్రామ్ వదులుకున్నాడు. తేడా అంతా అక్కడుంది. కాబట్టి మీరు భయపడాల్సింది డప్పును చూసి కాదు. బృందం లేదు కదా అని ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి, ఎంతిస్తే అంతకు పోయే పరిస్థితి వస్తే అప్పుడు మీ భయం నిజమవుతుంది. ఆ పరిస్థితి రాకుండా చూడటమే ఇప్పుడు మన పని. ఈ మాట మీ అబ్బాయితో ఇలాగే అనండి. 'నువ్వు డప్పు మానెయ్' అనే తండ్రి మాట వేరు, 'నీ రేటు నువ్వు చెప్పుకునేలా ఉండు' అనే తండ్రి మాట వేరు. రెండోది అతను వింటాడు.

ఇక కెరీర్ సంగతి. బృందం పోవడంతో మీ అబ్బాయి పోగొట్టుకున్నది విద్య కాదు, అది అతని చేతుల్లో, గొంతులో భద్రంగా ఉంది. ఫోన్ ఎత్తేవాళ్లు, రేటు మాట్లాడేవాళ్లు, బండి, మైకు చూసుకునేవాళ్లు పోయారు. అన్నిటికంటే ముఖ్యంగా పేరు పోయింది. ఎనిమిదేళ్లు ఫ్లెక్సీల మీద బృందం పేరు, డబ్బు బృందం నాయకుడి ఖాతాలో, వీడియోలు ఇంకొకరి జీమెయిల్‌తో తెరిచిన ఛానల్‌లో ఉండి ఉంటాయి. బృందాల్లో ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. ఫలితంగా, ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న కళాకారుడి చేతిలో తన పేరు మీద ఒక్క కాగితం కూడా ఉండదు. నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఆ ఎనిమిదేళ్లను అతని సొంత పేరు మీదికి తెచ్చుకోవాలి.

మొదట పాత లెక్క తేల్చుకోండి. కోపం చల్లారాక, ఇంకా నెలలు గడవకముందే, పాత సభ్యులంతా ఒకసారి కూర్చోవాలి. రావాల్సిన డబ్బు, వాయిద్యాలు, అప్పులు ఒక పూటలో తేలిపోతాయి. పాటలే అసలు ఆస్తి. తరతరాలుగా జనం పాడుకునే పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. మీ అబ్బాయి సొంతంగా రాసిన పాట మాత్రం అతనిదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వక ఒప్పందం, దాని మీద సంతకం ఉండాలి. నోటిమాట చెల్లదు. సంతకం పెట్టిన కాగితం ఉన్నా, అందులో గడువు రాయకపోతే ఆ హక్కు ఐదేళ్లకే పరిమితం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. చాలామంది కళాకారులకు ఈ సంగతి తెలియదు. 'పాట ఇచ్చేశాం, అయిపోయింది' అనుకుని వదిలేస్తారు. మీ అబ్బాయి ఏవైనా కాగితాల మీద సంతకం పెట్టి ఉంటే, అవి తీసుకుని ఒకసారి జిల్లా కోర్టు దగ్గర ఎవరైనా న్యాయవాదికి చూపించండి.

రికార్డింగ్ సంగతి వేరు. దానికి డబ్బు పెట్టి తీయించినవాళ్లకు దాని మీద హక్కు ఉంటుంది. రాసినవారికి, బాణీ కట్టినవారికి ఆ పాటల మీద రాయల్టీ వాటా ఉండాలని 2012లో చట్టాన్ని సవరించారు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది. విడుదలైన పాటలుంటే సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మొదట్లో పెద్ద మొత్తం రాకపోవచ్చు. కానీ 'ఈ పాట రాసింది ఇతనే' అని ఒకచోట నమోదై ఉంటుంది, అదే నాకు ముఖ్యం. యూట్యూబ్ ఛానల్ ఎవరి చేతిలో ఉన్నా సరే, పాత వీడియోల మీద వచ్చే ఆదాయంలో ఎవరికెంతో ఒక స్టాంపు పేపరు మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. ప్రతి వీడియో కింద పాడినవారి, రాసినవారి, డప్పు కొట్టినవారి పేర్లు చేర్చమని అడగండి. అది ఖర్చు లేని పని, గొడవ పడాల్సిన అవసరం కూడా ఉండదు.

బృందం పేరు కోసం మాత్రం కొట్లాడొద్దని నా అభిప్రాయం. ఆ పేరు ఎవరు తీసుకున్నా, రేపు కొత్త గొడవలకు అదే మూలమవుతుంది. మీ అబ్బాయి తన పేరుతో, ఊరి పేరు కలుపుకుని మొదలుపెట్టడం మంచిది. నిలదొక్కుకున్నాక ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవచ్చు. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి (అంటే ఒక రకం సరుకు లేదా సేవకు) ప్రభుత్వ రుసుము రూ. 4,500. ఇప్పుడే తొందరేం లేదు.

తర్వాత కాగితాలు. ఆకాశవాణి వరంగల్ కేంద్రం మీకు దగ్గర. జానపద సంగీతం ఆడిషన్లకు ప్రకటన ఎప్పుడొస్తుందో కనుక్కుని దరఖాస్తు పెట్టించండి. నెగ్గితే గ్రేడ్ ఇస్తారు. రేడియో కార్యక్రమాలు ఎప్పుడో గాని రావు, వాటి మీద ఇల్లు గడవదు. అయినా 'ఆకాశవాణి గ్రేడ్ కళాకారుడు' అనే మాట కాలేజీ ఫంక్షన్‌కు పిలిచేవారి దగ్గరా, ప్రభుత్వ కార్యక్రమాల దగ్గరా పనికొస్తుంది. ఆ మాట అతని సొంత పేరు మీద ఉంటుంది, ఏ బృందం విడిపోయినా పోదు. భాషా సాంస్కృతిక శాఖలో, జిల్లా పౌర సంబంధాల అధికారి దగ్గర కూడా వ్యక్తిగా వివరాలు ఇచ్చి రావాలి. ఇన్నాళ్లూ అక్కడ నాయకుడి ఫోన్ నంబరే ఉండి ఉంటుంది. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం రెండింటిలోనూ తెలంగాణ ఉంది. ఇతర రాష్ట్రాల ఉత్సవాలకు కళాకారులను పంపేది ఇవే.

డిగ్రీ తప్పకుండా పూర్తి చేయించండి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరితే ప్రోగ్రామ్‌లు మానుకోకుండానే చదువుకోవచ్చు, ఇంటర్ ఉంది కాబట్టి ప్రవేశానికి ఇబ్బంది లేదు. డిగ్రీ దేనికంటే, దాని తర్వాత తెలుగు విశ్వవిద్యాలయంలో జానపద కళల పీజీ వైపు దారి తెరుచుకుంటుంది. ఆ విశ్వవిద్యాలయానికే వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, మీ జిల్లా పక్కనే. ఇప్పుడే ఒకసారి వెళ్లి అక్కడి అధ్యాపకులను కలవమనండి. తాతల నాటి దరువులు తెలిసిన కుర్రాడిని వాళ్లు ఆదరంగా పలకరిస్తారు. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వారికి, నెలకు రూ. 10,000 చొప్పున రెండేళ్లు. పరిశోధన ప్రతిపాదన రాసి పంపాలి. మీ బాపుకు తెలిసిన దరువులు, ఏ సందర్భానికి ఏది కొట్టేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనేది చక్కని అంశం. ఆయన ఉంటే రేపే ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టమనండి. ఆయన లేకపోతే ఆ వయసు వాళ్లు మీ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంటారు. ఈ పనికి ఫెలోషిప్ వచ్చేదాకా ఆగొద్దు.

గురుకులాల్లో సంగీత ఉపాధ్యాయ పోస్టులకు 2023లో నోటిఫికేషన్ వచ్చింది. అలాంటి పోస్టులకు సంగీతంలో గుర్తింపు ఉన్న డిప్లొమా లేదా డిగ్రీ అడుగుతారు. ఎనిమిదేళ్లు స్టేజీ మీద పాడినవాడు కూడా ఆ కాగితం లేక బయటే ఉండిపోతాడు. ఇది నాకు న్యాయంగా అనిపించదు, కానీ నియమం అదే.

'సాంస్కృతిక సారథిలో ఉద్యోగం రాదా?' అని మీ చుట్టాలు అడుగుతూ ఉంటారు. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. రాష్ట్రం ఏర్పడిన 2014లో మొదలైంది, ఐదు వందల మందికి పైగా కళాకారులకు ఉపాధి ఇచ్చింది. మళ్లీ నియామకాలు జరిగితే తప్పక దరఖాస్తు చేయాలి. దాని కోసం ఎదురు చూస్తూ ఇంట్లో కూర్చోవద్దు. 'ఇప్పిస్తాం' అని డబ్బు అడిగేవాళ్లను మాత్రం గడప తొక్కనివ్వకండి.

సంపాదన గురించి నిజం చెప్పాలి. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తూ కనిపించారని వార్తలొచ్చాయి. అది చదివి నాకు చాలా బాధ కలిగింది. గుర్తింపు వేరు, నెల నెలా వచ్చే డబ్బు వేరు అని ఇలాంటి అబ్బాయిలకు ముందే చెప్పాలి. అందుకే ఒక్క దారి మీద ఆధారపడొద్దంటాను. స్టేజీ ప్రోగ్రామ్‌లు సీజన్‌ను బట్టి నడుస్తాయి. ఆషాఢంలో బోనాలు, తర్వాత గణేశ్ నవరాత్రులు, బతుకమ్మ, పెళ్లిళ్ల బరాత్‌లు, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతర. మధ్యలో ఖాళీ నెలలుంటాయి. ఆ నెలలకు నేర్పే పని సరిపోతుంది. జనగామ, హనుమకొండల్లో ప్రైవేటు పాఠశాలలు వార్షికోత్సవాలకు ముందు డప్పు నృత్యం నేర్పేవాళ్లను వెతుకుతాయి. ఒక బడిలో కుదిరితే అక్కడి నుంచి రెండో బడికి మాట వెళ్తుంది. స్టూడియోల్లో ఇతరుల పాటలకు డప్పు వాయించడం ఇంకొక దారి. ఎన్నికల పాటలకు మంచి డబ్బే ఇస్తారు. తీసుకోవద్దని చెప్పను. కానీ ఒక పార్టీ ముద్ర పడితే తర్వాత ప్రభుత్వ కార్యక్రమాల్లో ఆ ప్రభావం ఉంటుంది, అది ఆలోచించుకుని ఒప్పుకోవాలి.

వెంటనే కొత్త బృందం కట్టడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు కడితే పాత బృందం మీద కోపంతో కట్టినట్టే అవుతుంది, అదే డబ్బు గొడవ మళ్లీ వస్తుంది. కొన్నాళ్లు ప్రోగ్రామ్‌కు తగ్గట్టు ఇద్దరు ముగ్గురిని కలుపుకుని, ఆ రోజు డబ్బు ఆ రోజే పంచేయాలి. ఎవరికెంత అనేది బయానా తీసుకున్న రోజే వాట్సాప్‌లో రాసి పెట్టాలి. విడిపోయిన వాళ్లలో కూడా మాట కలిసేవాళ్లు ఉంటే పిలవొచ్చు. ఎనిమిదేళ్లు పక్కన నిలబడి కొట్టినవాళ్లకు ఒకరి చేయి ఒకరికి తెలుసు, అలాంటివాళ్లు మళ్లీ తేలిగ్గా దొరకరు.

ఇక గోడౌన్. అతను పోనంటే బలవంతం చేయకండి. రాత్రి డ్యూటీ, సెలవు దొరకని పని అయితే ఆర్నెల్లలో ప్రోగ్రామ్‌లు చేజారిపోతాయి, పిలిచేవాళ్లు పిలవడం మానేస్తారు. అలాగని చేతిలో రూపాయి లేకపోతే మీరు మొదట భయపడిన పరిస్థితే వస్తుంది, తక్కువ రేటుకు ఒప్పుకుంటాడు. మధ్య దారి ఒకటుంది. జనగామలోనో హనుమకొండలోనో పగటిపూట పని, ముందే చెప్తే సెలవు దొరికే చోటు చూడండి. జీతం గోడౌన్ కంటే కొంత తగ్గినా ఫర్వాలేదు. ఒక ఏడాది ఇలా నడవనిచ్చి వచ్చే దసరా తర్వాత ఇద్దరూ కూర్చుని లెక్క చూడండి. సొంత పేరు మీద ఎన్ని ప్రోగ్రామ్‌లు వచ్చాయి, ఆడిషన్ అయిందా, డిగ్రీలో చేరాడా? ఇవేవీ కదలకపోతే అప్పుడు పూర్తి కాలం ఉద్యోగం గురించి మాట్లాడే హక్కు మీకుంటుంది, అతనూ కాదనలేడు. ఈ మాట ఇప్పుడే ఇద్దరూ అనుకోండి.

ఈలోగా కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. అసంఘటిత రంగంలో 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకు అవకాశం ఉంది. కళాకారులకు పీఎఫ్ గానీ ఈఎస్ఐ గానీ ఉండవు కాబట్టి ఇలాంటివి వదులుకోకూడదు.

పెళ్లి సంబంధాల గురించి టెన్షన్ పడకండి. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే 'ఖాళీగా ఉన్నాడు' అని మీరే చెప్తున్నారేమో చూసుకోండి. 'కళాకారుడు, పాటలు రాస్తాడు, పిల్లలకు నేర్పిస్తాడు, డిగ్రీ చదువుతున్నాడు' అని చెప్పండి, అవి నిజమయ్యాకే చెప్పండి. బృందంతో లెక్క తేల్చుకోవడానికి కూర్చునే రోజున మీరూ అతనితో వెళ్లండి. మాట్లాడేది అతనే, మీరు పక్కన కూర్చుంటే చాలు.