జెస్సీ బింగా కథ రాయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

చికాగోలో బ్యాంకు నడిపిన నల్లజాతి బ్యాంకరు జెస్సీ బింగా జీవితం రాస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో బ్యాంకుల గొడవ నాతోనే పోతుందనుకున్నాను. నువ్వు అందుకున్నావు. సంతోషంతో రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

తేదీలు రెండు చోట్ల సరిచూసుకో. కోర్టు కాగితాలకు నకళ్ళు తీసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నా భయం వేరే. ఆ మనిషి ఇట్టే నచ్చేస్తాడు. 1865లో డెట్రాయిట్‌లో ఒక మంగలి కొడుకుగా పుట్టాడు. ఇళ్ళు అద్దెకిచ్చే విద్య తల్లి దగ్గర చూసి నేర్చుకున్నాడు. పండ్లు అమ్మాడు, రైళ్ళలో పోర్టరుగా తిరిగాడు. చికాగో సౌత్‌సైడ్‌లో పాడుబడ్డ ఇళ్ళు లీజుకు తీసుకుని, తన చేతులతోనే బాగుచేసి అద్దెకిచ్చాడు. నల్లజాతివాళ్ళకు ఇంటి అప్పు పుట్టడమే గగనమైన ఆ రోజుల్లో, 1908లో, సొంతంగా బ్యాంకు తెరిచాడు. 1919లో తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ మధ్య జరిగిన అల్లర్లలో ఆ ఊళ్ళో 38 మంది చచ్చిపోయారు. తెల్లవాళ్ళ పేటలో ఉంటున్నాడని ఆయన ఇంటి మీద మళ్ళీ మళ్ళీ బాంబులు వేశారు. అయినా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. ఇదంతా చదివాక చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పెట్టు, తప్పులేదు. కానీ దండం పెడుతూ కలం పట్టుకోకు.

నేను అలా పట్టుకున్నాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక చిన్న సహకార బ్యాంకులో గుమస్తాని. డిపాజిట్ల డబ్బు చాలావరకు స్థలాల మీదా భవనాల మీదా అప్పులుగా వెళ్ళిపోయింది. కిస్తీలు రావడం ఆగిపోయాక, పాత బాకీని కొత్త అప్పుగా తిరగరాసేవాళ్ళం. లెడ్జరులో రాసింది నేనే కాబట్టి నాకు అంతా తెలుసు. ఒకరోజు ఒక పెద్దావిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కాగితం, మడతల దగ్గర పీచులు తేలింది. డబ్బు కావాలంది. "ఎక్కడికి పోతుందమ్మా, ఇంకో ఏడాది ఉంచు, వడ్డీ కలిసొస్తుంది" అన్నాను. అలా చెప్పమని పైవాళ్ళ మాట. నా చేత్తోనే కొత్త రసీదు రాసిచ్చాను. రెండు నెలలకు షట్టరు పడింది. ఆవిడ గుంపులోంచి నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. తిట్టలేదు. రసీదు చూపించి, "ఇది మీరు రాసిందే కదా బాబూ, చెల్లదా?" అంది. నేను తల వంచుకుని వచ్చేశాను.

దానికన్నా పెద్ద తప్పు ఇరవై ఏళ్ళ తరవాత చేశాను. ఆ బ్యాంకు పెట్టిన పెద్దాయన పేరిట స్మారక సంచిక వేస్తూ నన్ను ఆయన జీవితం రాయమన్నారు. నాలుగు పేజీలు రాశాను. ఆయన పట్టుదల, ఆయన కట్టించిన మేడ, మెట్ల పక్కన ఇత్తడి కటకటాలు, అన్నీ వర్ణించాను. బ్యాంకు మూతపడిన సంగతి "కాలం కలిసిరాలేదు" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. నెల తరవాత ఒక పోస్టుకార్డు వచ్చింది. ఆవిడ కొడుకు రాశాడు. "వ్యాసం బాగుంది. మా అమ్మ రసీదు గురించి ఒక్క మాటైనా రాస్తారనుకున్నాను." అంతే ఉంది అందులో.

అందుకని, తల్లీ, 1929లో స్టేట్ స్ట్రీట్‌లో ఆయన కట్టిన అయిదంతస్తుల బింగా ఆర్కేడ్ దగ్గర ఎక్కువసేపు నిలబడకు. 1930 జూలై 31 దగ్గర నిలబడు. ఆ రోజు బ్యాంకు తలుపులు మూశారు. ఎందుకు మూశారో నీ పాఠకుడికి పిల్లవాడికి చెప్పినట్టు విడమరచి చెప్పు. డిపాజిట్ వేసినవాడు రేపే వచ్చి డబ్బు అడగొచ్చు. ఆ డబ్బుతో బ్యాంకు ఇచ్చిన ఇంటి తనఖా అప్పు మాత్రం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. ఉద్యోగాలు ఊడి కిస్తీలు ఆగాయి, ఇళ్ళ ధరలు పడ్డాయి, అదే వారం అందరూ కౌంటరు ముందుకొచ్చారంటే గోడల్ని పగలగొట్టి పంచలేం కదా. బ్యాంకు మునిగినా డిపాజిట్ కొంతవరకు తిరిగొచ్చే డిపాజిట్ బీమా ఇప్పటి మనవాళ్ళకు అలవాటైపోయింది. అమెరికాలో అది అమల్లోకి వచ్చింది 1934 జనవరి 1న, మొదట 2,500 డాలర్ల వరకు. ఆయన ఖాతాదారులకు మూడున్నరేళ్ళు ఆలస్యం.

ఇబ్బందిగా ఉన్నవి దాచకు. అద్దెలు ఎక్కువ గుంజుతాడని సొంతవాళ్ళే ఆయన్ని తిట్టుకున్నారు. 1912లో చేసుకున్న యూడోరా జాన్సన్‌కు అన్న నుంచి వచ్చిన ఆస్తి జూదం సొమ్ము. బ్యాంకు డబ్బు కాజేశాడని 1933లో శిక్ష పడింది. 1938లో బయటికొచ్చి ఒక చర్చిలో చిల్లర పనులు చేసుకుని బతికాడు, 1950లో పోయాడు. ఆ చివరి ఏళ్ళు రాసేటప్పుడు తొందరపడకు. నాకు ఆయన మీద కోపం లేదమ్మా. డెబ్బై దాటాక చీపురు పట్టుకున్న మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? ఆయన మీద జాలితో నీ కళ్ళు చెమర్చినప్పుడు మాత్రం, ఆ కౌంటరు ఇవతల నిలబడ్డవాళ్ళను ఒకసారి తలుచుకో.

రాత్రిళ్ళు కూర్చుని కళ్ళు పాడుచేసుకోకు. మొదటి అధ్యాయం అయ్యాక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపించు.

ఆ పోస్టుకార్డు ఈ కవరులోనే పెట్టాను. పుస్తకం అయిపోయేదాకా నీ బల్ల మీద ఉంచుకో. తరవాత భద్రంగా తెచ్చి నాకు ఇచ్చెయ్.

మీ మామయ్య