రెనొవేషన్‌ను జీర్ణోద్ధరణ అనవచ్చా? జెంట్రిఫికేషన్‌కు తెలుగు మాట ఏది?

అనవచ్చు. శిథిలమైనదానిని పైకెత్తి నిలబెట్టడమే జీర్ణోద్ధరణ. అయితే మా విజయనగరంలో ఆ మాట గుడులకే పరిమితమైపోయింది. ఇంటికి జీర్ణోద్ధరణ చేయించానంటే ఎదుటివారు నవ్వుతారు. ఇంటికి వాడే మాట మరమ్మతు. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరిన దానిని పరాయి మాట అని తీసిపారేసేవారున్నారు గానీ, బాగుచేయడాన్ని చెప్పే ఈ మాటలన్నిటిలోనూ పని తెలిసిన మాట అదొక్కటే.

కోటకు దగ్గరలో ఉన్న మా పెంకుటింటికి మరమ్మతు చేయించినప్పుడు, మేస్త్రి పెంకులన్నీ దింపించి, ఒక్కొక్కదానినీ వేలి కణుపుతో కొట్టి చూసి, ఖంగుమన్నవాటిని ఒక పక్కన, పగులు చప్పుడు వచ్చినవాటిని మరొక పక్కన పేర్చాడు. చెదపట్టిన వాసాలను మాత్రమే మార్చి, గట్టి పెంకులనే మళ్లీ పరిచాడు. పొరుగువారు మాత్రం ‘ఆధునికీకరణ’ అంటూ పాత సున్నపు గోడల మీద సిమెంటు పూయించారు. లోపలి చెమ్మకు బయటికి పోయే దారి లేక ఆ పూత కాస్తా పెచ్చులుగా ఊడివచ్చింది.

ఈ ‘ఈకరణ’ తోక ఉన్న మాటలంటేనే నాకు అనుమానం. సంస్కృత వ్యాకరణంలో ఇది చ్వి ప్రత్యయం వల్ల ఏర్పడే రూపం. అంతకుముందు లేనిది కొత్తగా కలగడాన్ని, అంటే అభూతతద్భావాన్ని, చెబుతుంది. కాబట్టి సుందరీకరణ అన్నామంటే, ఆ చోటు అప్పటివరకు సుందరంగా లేదని తీర్పు చెప్పినట్టే. మా వీధి మొదట్లో ఆ పేరుతో బోర్డు పాతి, ఇళ్ల ముందరి అరుగులు కొట్టేసి పలకలు పరిచిన రోజున, మా పెద్దమ్మ ఆ బోర్డును నా చేత చదివించుకొని, “ఇన్నాళ్లూ మన ఈది బాగులేదేటి, నాయనా?” అని అడిగింది. వ్యాకరణం చదవకుండానే ఆవిడ ప్రత్యయార్థాన్ని పట్టుకుంది. సాయంత్రం నలుగురూ చేరి కూర్చునే అరుగు పోయినందుకు మాత్రం ఏ బోర్డులోనూ మాట లేదు.

జెంట్రిఫికేషన్ అనే మాటను 1964లో లండన్ గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రయోగించారు. శ్రామికులు ఉండే పేటల్లోకి కలిగినవారు చేరి, పాత ఇళ్లను బాగుచేయించుకోగా, మునుపటివారు తరలిపోవలసి రావడం దాని అర్థం. జెంట్రీ అంటే ఇంగ్లండులోని భూస్వామ్య కులీన వర్గం గనుక, వచ్చిందెవరో ఆ మాటే చెప్పేస్తుంది. దానిని ‘నగర పునరుజ్జీవనం’ అని తెనిగిస్తే వచ్చినవారూ కనబడరు, పోయినవారూ కనబడరు. నన్నడిగితే, నిఘంటువులోకి ఎక్కినా ఎక్కకపోయినా, ‘పేట దొరలపాలైంది’ అంటాను.